లోపలికి చూసే కుక్కలు

అబెలోనె ఇంటి వెనక, ఇసుక దిబ్బల మధ్య జర్మన్లు కట్టిన ఇల్లు సోండర్‌హో ఊరు మొత్తానికి గట్టి ఇల్లు. గోడలు రెండు మీటర్ల మందం. లోపల పద్నాలుగు మంది సిపాయిలు, గుండ్ల పెట్టెలు. పక్కన గోతిలో, వల కింద, విమానాల మీద పేల్చే ఫిరంగి. చుట్టూ ముళ్లతీగె. ఇంతటి దాన్ని బంకరు అనకుండా ఇల్లనడం ఎందుకంటే, దాన్ని ఇల్లులా చెయ్యమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఎస్‌బ్యెర్ రేవు మీదికి పోయే ఇంగ్లీషు విమానంలోంచి ఎవడైనా కిందికి తొంగి చూస్తే, ఫానో అనే డేనిష్ దీవి చివర ఇంకో నావికుడి కాపురం కనబడాలి తప్ప యుద్ధం కనబడకూడదు.

అందుకని కాంక్రీటు మీద చెక్క వాసాలు నిలబెట్టి రెల్లు కప్పారు. గోడలకు ఎర్ర రంగు కొట్టి ఇటుకల గీతలు గీశారు. లేని తలుపుకు ఆకుపచ్చ రంగు వేశారు. ఇక కిటికీలు మిగిలాయి. వాటికి నమూనా కావలసి వచ్చింది. అన్నిటికంటే దగ్గర్లో ఉన్న కిటికీ అబెలోనెది.

అలా 1944 వేసవిలో పదకొండు రోజులపాటు ఒక జర్మన్ సిపాయి మడత పీట వేసుకుని ఆమె ఇంటి ముందు కూర్చున్నాడు. పేరు అస్మస్. యాభై దాటిన మనిషి, సైన్యంలోకి రాకముందు ఇళ్లకు రంగులు వేసేవాడు. పుట్టింది సరిహద్దు పక్క పల్లెలో కాబట్టి డేనిష్ బాగానే మాట్లాడతాడు, కాకపోతే నోట్లో ఉడికిన బంగాళాదుంప పెట్టుకున్నట్టు మాట్లాడతాడు. రోజూ పొద్దున టోపీ తీసి "శుభోదయం అమ్మా" అనేవాడు. అబెలోనె ఆయన వెనకున్న కంచెను చూసేది. ఊళ్లో అందరూ జర్మన్లను అలాగే చూసేవారు, గాలిని చూసినట్టు. ఆయన నొచ్చుకునేవాడు కాదు. టోపీ పెట్టుకుని కిటికీని గీసుకునేవాడు. చట్రం తెలుపు, తెరలకు లేసు, రెండు పూలకుండీలు, వాటి మధ్య రెండు పింగాణీ కుక్కలు.

విమానంలో ఉన్నవాడికి కిటికీలో కుక్క కనబడుతుందా అని ఎవరూ అడగలేదు. బంకరు లెఫ్టినెంటుకు పని సగంలో ఆపడం చేతకాదు.

ఆ కుక్కలు సోనిక్ తాతగారు ఏదో ఇంగ్లీషు రేవులో కొని తెచ్చినవి. సోనిక్ అంటే అబెలోనె భర్త. ఫానోలో మగాడు ఇంట్లో ఉన్నాడా, సముద్రం మీద ఉన్నాడా అని ఎవరూ తలుపు తట్టి అడగరు. కిటికీ చూస్తారు. ఆయన ఓడెక్కితే కుక్కలు వీధివైపు తిరిగి ఎదురుచూస్తాయి. దిగి వస్తే వీధికి వీపు పెట్టి ఇంట్లోకి చూస్తాయి. ఈ నియమం ఎవరు పెట్టారో తెలీదు గాని, ఆ ఇంటికి ఏ వేళప్పుడు వెళ్లొచ్చో, ఎప్పుడు వెళ్లకూడదో అందరికీ తెలిసేది.

సోనిక్ 1940 ఫిబ్రవరిలో వెళ్లాడు. ఏప్రిల్‌లో జర్మన్లు వచ్చారు. అప్పటికి అతని ఓడ ఎక్కడో బ్రెజిల్ దగ్గరుంది. కెప్టెను దాన్ని ఇంటివైపు కాకుండా ఇంగ్లండు వైపు తిప్పాడు. అప్పట్నుంచి ఇంగ్లీషు జెండా కింద తిరుగుతోంది, తిరుగుతూ ఉంటే. రెండేళ్ల కిందట రెడ్ క్రాస్ వాళ్ల ద్వారా ఒక కాగితం వచ్చింది. అందులో ఇరవై అయిదు మాటలు దాటకూడదని నియమం. సోనిక్ పంతొమ్మిదే వాడాడు. వాటి సారం ఇది: ఒంట్లో బాగుంది, ఒక పన్ను పోయింది, కప్పుకు చలికాలం లోపల కొత్త రెల్లు వేయించు. మిగిలిన ఆరు మాటలు ఎవరికి దాచిపెట్టాడా అని అబెలోనె రెండేళ్లుగా కోపంగా ఉంది. కోపం ఉన్నంతకాలం మనిషి ఉన్నట్టే కదా అని ఆ కోపాన్ని జాగ్రత్తగా చూసుకుంటోంది.

ఫిరంగి పేలిన మర్నాడు పొద్దున కుక్కలు ఉన్నచోట ఉండేవి కావు. పేలుడుకు కిటికీ గట్టు అదిరి, అవి కొంచెం కొంచెంగా తిరిగిపోయేవి. ఆమె పొయ్యి రాజేసే ముందే వాటిని మళ్లీ వీధికేసి తిప్పేది. పదకొండో రోజున పంటి నొప్పితో ఆలస్యంగా లేచింది. తెర తీసేసరికి అస్మస్ అప్పటికే అక్కడ నిలబడి ఉన్నాడు, పెన్సిలు చెవి మీద పెట్టుకుని, చిక్కులో పడ్డవాడిలా.

"అమ్మా, ఒక్క మాట. మీరు మాట్లాడరని తెలుసు. వేలితో చూపించినా చాలు. ఈ కుక్కలు నిన్నటిదాకా వీధిలోకి చూశాయి. ఇవాళ ఒకటి గోడకేసి చూస్తోంది, ఒకటి ఇంట్లోకి చూస్తోంది. ఏది రైటు?"

అబెలోనె ఆయన్ని మొదటిసారి చూసింది. ఎందుకు నోరు విప్పిందో ఆమెకే తెలీదు. బహుశా పంటి నొప్పి వల్ల. బహుశా పదకొండు రోజుల్లో ఆమెను ఎవరైనా ఏదైనా అడగడం అదే మొదటిసారి కావడం వల్ల.

"లోపలికి," అంది.

"రెండూనా?"

"రెండూ. బయటికి చూస్తే ఇంటికి అరిష్టం."

"మరి నిన్న?"

"నిన్న దుమ్ము దులిపాను. దులిపేటప్పుడు ఎటు పెట్టామో ఎవరు చూసుకుంటారు?"

అస్మస్ శ్రద్ధగా రాసుకున్నాడు. టోపీ తీశాడు. "చాలా థాంక్స్ అమ్మా. ఇలాంటివి తెలీకపోతే పని దొంగపని అయిపోతుంది."

వారం తిరిగేసరికి బంకరుకు మూడు కిటికీలు వచ్చాయి. మూడింటిలోనూ పింగాణీ కుక్కలు, ఆరూ వీధికి వీపులు చూపిస్తూ, కాంక్రీటులోకి ప్రేమగా చూస్తున్నాయి.

మొదట చూసింది పక్కింటి తోరా. ఆమె భర్త కూడా అబెలోనె భర్త లాగే ఎటో పోయి ఉన్నాడు. గడ్డి కోసే కొడవలి అక్కడే పడేసి పరిగెత్తుకొచ్చింది.

"వదినా! చూశావా? ఈ ఊళ్లో మొగుడు ఇంటిపట్టున ఉన్న కాపురం అదొక్కటే!"

"ఒక్కడా? పద్నాలుగు మంది," అంది అబెలోనె.

"అమ్మో, అదృష్టమంటే ఆవిడదే."

"అదృష్టమే గాని, బట్టలుతకలేక చస్తుంది."

తోరా గుమ్మం మీద కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వింది. నాలుగేళ్లలో ఆ వీధిలో అలాంటి నవ్వు వినబడలేదు. ఆ ఆదివారం చర్చిలో, కప్పు నుంచి వేలాడే, నావికులు మొక్కుకున్న చిన్న చిన్న ఓడ బొమ్మల కింద, ఒక వరస నుంచి ఇంకో వరసకు మాట పాకింది. పాస్టరు గారు పాటల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు దగ్గారు. తర్వాత మూడు వారాలు అబెలోనె ఇంటికి వచ్చేవాళ్లే వచ్చేవాళ్లు. "ఏదీ, ఇంకోసారి చెప్పు. అరిష్టం అన్నావా? వాడు రాసుకున్నాడా?" అని. ఆమె చికోరీ కాఫీ కాచి పోసేది, ప్రతిసారీ కథకు కొంచెం కొత్త నెయ్యి వేసి వడ్డించేది. పెళ్లయిన నాటి నుంచి ఎన్నడూ లేనిది, ఆ ఇంట్లో కప్పులు చాలలేదు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

ఆమె అత్తగారు ఎంగెలినె దీవి ఉత్తరపు కొసన, నోర్డ్‌బులో, తన చెల్లెలి దగ్గర ఉంటోంది. డెబ్బై తొమ్మిదేళ్లు. రెండు కళ్లలోనూ శుక్లాలు. ముగ్గురు కొడుకుల్లో ఇద్దర్ని సముద్రం ఉంచేసుకుంది. మూడోవాడు సోనిక్. రెండు వారాలకోసారి సరుకుల బండిలో కోడలి దగ్గరికి వచ్చి, భోంచేసి, సాయంత్రం అదే బండిలో వెళ్లిపోయేది. భోంచేసేదంటే, కంచం ముందు కూర్చునేది. ఆ వసంతం నుంచి తిండి బాగా తగ్గిపోయింది. చేతిమీద చర్మం లోపల ఎముక కదలడం కనబడేది. ఏం అడిగినా "ఆకలి లేదే" అనేది. అబెలోనె ఆ చేతుల్ని చూసి, సోనిక్ వచ్చేదాకా ఈవిడ్ని నిలబెట్టాలి, లేకపోతే అతనికి నేను ఏం జవాబు చెప్పాలి అనుకునేది. ఆమె భయం అదొక్కటే.

సెప్టెంబరులో ఒక ఆదివారం, మామూలు దారిలో జర్మన్లు తీగలు పాతుతున్నారని బండి దిబ్బల వెనక నుంచి వచ్చింది. తోలేవాడు దీవివాడు కాదు, కుక్కల సంగతి అతనికి తెలీదు. కళ్లలో మంచు తెర ఉన్న ముసలామెకు దూరంగా ఎర్ర గోడ, ఆకుపచ్చ తలుపు, రెల్లు కప్పు కనబడ్డాయి. నలభై ఏళ్లు కాపురం చేసిన ఇల్లు. కిటికీలో రెండు తెల్లటి మచ్చలు. వీపులు.

బండి దిబ్బలు చుట్టి రాగా, పావుగంట తర్వాత ఆమె అసలు ఇంటి గుమ్మంలోకి వచ్చింది. లోపలికి రాగానే తలుపు గడియ వేసింది. తెరలు లాగింది. చేతికర్ర మూల పెట్టింది.

"ఎక్కడున్నాడే?"

"ఎవరత్తయ్యా?"

"నా దగ్గర వేషాలు వెయ్యకు. బండిలోంచి చూశాను. నేను వచ్చేలోపు మళ్లీ బయటికి తిప్పేశావు, మంచి పని చేశావు, ఇంగ్లీషు ఓడవాడు దొరికితే జర్మన్లు వదలరు. కానీ ఆ కిటికీ నలభై ఏళ్లు తుడిచినదాన్ని. వీపేదో మొహమేదో నాకు తెలీదా?"

అబెలోనెకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వింది. "అయ్యో అత్తయ్యా, అది మన ఇల్లు కాదు. వెనక జర్మన్ల బంకరు. దానికి మన కిటికీలా రంగు వేశారు. కుక్కల్ని తిప్పింది నేనే, అంటే, తిప్పి వెయ్యమని చెప్పింది నేనే."

ముసలామె కోడలి వైపు తిరిగింది. ఆ మొహంలో ఇంతకుముందెన్నడూ కోడలి కోసం వాడని గౌరవం ఒకటి కనబడింది.

"బంకరా?"

"అవును."

"బంకరుకు కిటికీ. కిటికీలో కుక్కలు." కాసేపు ఆ మాటల్ని నాలుక మీద తిప్పి చూసుకుంది. "భేష్. ఎవరడిగినా ఇదే చెప్పు. ఇంత పిచ్చి అబద్ధం ఎవరూ కల్పించలేరు కాబట్టి అందరూ నమ్ముతారు."

"అత్తయ్యా, నిజంగా..."

"చాల్లే. నాకు చూపించకు. చూస్తే నా మొహం నా మాట వినదు, ఊరంతా చెప్పేస్తుంది. ఉన్నాడని తెలిసింది. అది చాలు. ఏం వండావు?"

ఆమె ఆ రోజు రై రొట్టె మూడు ముక్కలు తిన్నది. పొగబెట్టిన చేపను ముల్లు ముల్లూ చీకింది. కోడలి ముక్క వైపు కూడా చూస్తే అబెలోనె అది కూడా ఇచ్చేసింది. ఇంకోసారి వచ్చినప్పుడు చెబుదాంలే అనుకుంది. కడుపు నిండిన మనిషికి నిజం చెప్పడం తేలిక అనుకుంది. అదీ తప్పే.

రెండు వారాలకు ఎంగెలినె బుట్టతో వచ్చింది. ఆరు గుడ్లు, రెండు జతల ఉన్ని మేజోళ్లు, పెద్ద పాదానివి, ఒక పొట్లం పొగాకు. "నీకు కాదు," అంది బుట్ట ఇస్తూ, అటక వైపు గడ్డం ఎత్తి. ఆ తర్వాతిసారి అల్లిన మఫ్లరు. మేజోళ్లు బాగున్నాయా అని అడిగితే అబెలోనె "బాగున్నాయత్తయ్యా" అంది. అప్పుడు తెలిసింది, తను కూడా ఆ ఇంట్లో ఒక మనిషిని పెట్టిందని.

ముసలామె ఎవరికీ ఏమీ చెప్పలేదు. కాకపోతే సోండర్‌హో దుకాణంలో గడ్డం గీసుకునే సబ్బు ఉందా అని అడిగింది. చర్చిలో ఎప్పుడూ ఏడ్చే పాట దగ్గర ఏడవలేదు. ఆ ఊరికి అంతకంటే ఏం కావాలి? మొదట తోరా నవ్వింది. తర్వాత నవ్వలేదు. ఒకరోజు కంచె దగ్గర నిలబడి, గొంతు తగ్గించి, "వదినా, ఆ బంకరు కథ చాలా బాగుంది. అదే చెబుతూ ఉండు," అంది.

"కథ కాదు తోరా, నువ్వూ చూశావు కదా, నీ కళ్లతో!"

"చూశాను. ముందు కుక్కల మీద నవ్వించావు, తర్వాత ఎవరు నిజం అన్నా నవ్వులాటే అనుకుంటారు. నాకు ఇంత తెలివి ఎప్పటికీ రాదు." తోరా అటూ ఇటూ చూసింది. "నేనిక రాను. ఎవరైనా గమనిస్తే మంచిది కాదు. ఏం కావాలన్నా గేటు దగ్గర పెడతాను."

"తోరా, లోపలికి రా. అటక ఎక్కి చూడు. ప్రతి పెట్టె తెరిచి చూపిస్తాను."

"వద్దమ్మా. చూడకపోతేనే చూడలేదని చెప్పగలను," అని తోరా వెళ్లిపోయింది.

మాట మీద నిలబడే మనిషి. మర్నాటి నుంచి గేటు దగ్గర పొద్దున ఒక గిన్నె, సాయంత్రం ఒక మూట. పాలు, బంగాళాదుంపలు, ఎవరివో పాత పంట్లాలు. తలుపు మాత్రం ఎవరూ తట్టరు. వీధిలో ఎదురొచ్చినవాళ్లు ఆమె చెయ్యి ఒకసారి గట్టిగా నొక్కి, మాట్లాడకుండా వెళ్లిపోతారు. పాస్టరు గారు కూడా రావడం మానేసి, ప్రార్థనలో "దాగి ఉన్నవారి కోసం" అన్న మాట చేర్చారు. ఊరు ఊరంతా ఆమెను కాపాడుతోంది. కాపాడేవాళ్ల మధ్య అంత ఒంటరితనం ఉంటుందని అబెలోనె అంతకుముందు ఎరగదు. నిరుడు ఇంట్లో ఒక మనిషి లేడు. ఈసారి లేని మనిషి ఉన్నాడు, వాడి కోసం ఉన్నవాళ్లు పోయారు. ఎగ్ పుడింగ్ చేసుకుని ఇద్దరి వంతూ తనే తినేది. నడుము దగ్గర గౌను బిగుతైంది. ఆమె లావెక్కడం చూసి ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. అదింకో సాక్ష్యం.

అక్టోబరు చివర జర్మన్లు వచ్చారు. ఎవరు చెప్పారో తెలీదు, ఎవరూ చెప్పకపోయినా అంతమంది అంత గట్టిగా నోరు మూసుకుంటే వినబడుతుంది. పట్టపగలు, లెఫ్టినెంటు, ఇద్దరు సిపాయిలు, తర్జుమా చెయ్యడానికి అస్మస్. మంచం కింద, బొగ్గు గదిలో, గొర్రెల కొట్టంలో వెతికారు. బల్ల మీద మేజోళ్లు కనబడ్డాయి.

"ఎవరివని అడుగుతున్నారు," అన్నాడు అస్మస్, నేల చూస్తూ.

"మా ఆయనవి."

"ఆయనెక్కడ?"

"సముద్రం మీద."

"అయితే కొత్త మేజోళ్లు ఎందుకని అడుగుతున్నారు."

"ఏం, వచ్చేసరికి పాతవి ఉంటాయా?"

అస్మస్ దాన్ని జర్మన్‌లో చెప్పాడు. ఏం చెప్పాడో గాని, లెఫ్టినెంటు చెవులు ఎర్రబడ్డాయి. ముగ్గురూ నిచ్చెనెక్కి అటక మీదికి పోయారు. పైన పెట్టెలు ఈడుస్తున్న చప్పుడు. కింద అస్మస్, అబెలోనె మిగిలారు. ఆయన కిటికీ దగ్గరికి వెళ్లి కుక్కల్ని చూశాడు.

"బయటికి చూస్తే అరిష్టం అన్నారు."

"అన్నాను."

"మొన్న చేపలమ్మే ముసలాయన చెప్పాడు, అసలు అర్థం. చాలాసేపు నవ్వాడు. నేనూ నవ్వాను." ఆయన నవ్వలేదు. "లెఫ్టినెంటుకు చెప్పలేదు. కావాలంటే బంకరు మీది కుక్కల్ని తిప్పి వేసేస్తాను. ఒక పూట పని. ఇదంతా దానివల్లే వచ్చిందేమో."

అబెలోనె ఆలోచించింది. కుక్కలు బయటికి తిరుగుతాయి. వచ్చే ఆదివారం బండి దిబ్బల వెనక నుంచి వస్తుంది. ముసలామె చూస్తుంది. కొడుకు మళ్లీ వెళ్లిపోయాడనుకుంటుంది, తనకు చెప్పకుండా.

"వద్దు," అంది. "అలాగే ఉండనివ్వండి."

అస్మస్ తలాడించాడు. "మాది కీల్‌లో కాపురం. నిరుడు బాంబులు పడ్డాయి. మా ఆవిడ చెల్లెలి ఇంటికి వెళ్లిందని ఒకరు, లేదని ఒకరు రాశారు. మా ఇంట్లో ఇలాంటి కుక్కలు లేవు. ఉంటే ఇప్పుడు ఎటు తిప్పాలో నాకు తెలిసేది కాదు."

పొయ్యి మీద కాఫీ ఉంది, రెండు కప్పులకు సరిపడా. అబెలోనె దానివైపు చూసింది, పోయలేదు. పైవాళ్లు దిగివచ్చారు. ఏమీ దొరకలేదు. వెళ్లిపోయారు.

సాయంత్రానికి ఊరంతా తెలిసింది, అంత వెతికినా దొరకలేదని. అంటే ఎంత బాగా దాచిందో! గేటు దగ్గర ఆ పూట ఏకంగా ఒక కోడి ఉంది.

నవంబరులో, మధ్యాహ్నం పూట, పడమటి గాలి ఇసుకను అద్దాలకేసి కొడుతుండగా ఎంగెలినె వచ్చింది. ఈసారి బుట్ట లేదు. బండివాడు ఆమెను దాదాపు ఎత్తి గుమ్మంలో దింపి, గుర్రానికి నీళ్లు పెట్టి వస్తానని వెళ్లాడు. ఆమె కుర్చీలో కూర్చుని చాలాసేపు ఊపిరి పోగేసుకుంది.

"ఇక వసంతం దాకా బండి లేదే. గుర్రాన్ని కూడా జర్మన్లు తీసుకుపోవడానికి రాసుకున్నారు. డాక్టరు నా ఛాతీ మీద చెవి పెట్టి విన్నాడు. ఏం వినబడిందో నాకు చెప్పలేదు, చెల్లెలికి చెప్పాడు. చెల్లెలు ఆ పూట నాకు వెన్న రెండింతలు రాసిచ్చింది. అర్థమైందిలే."

అబెలోనె ఆమె కాళ్ల దగ్గర కూర్చుంది. ఇవాళ చెప్పాలి. ఇవాళ చెప్పకపోతే ఇక చెప్పడానికి మనిషి ఉండదు. చెబితే, బహుశా, ఇవాళే ఉండదు.

"చూపించమని అడగను," అంది ముసలామె. "ఒక్కసారి వినిపించు. నాలుగడుగులు వెయ్యమను, పైన. అంతే."

"అత్తయ్యా." తలెత్తింది. "అటక మీద ఎవరూ లేరు. ఎప్పుడూ లేరు."

ఎంగెలినె ఆమె తల మీద చెయ్యి వేసింది. బరువే లేని చెయ్యి.

"తెలుసే అమ్మాయ్. ఎవరూ లేరు. ఆ ఎవరూ లేనివాణ్ణే నాలుగడుగులు వెయ్యమను."

ఆ మాట ఎలా అర్థం చేసుకోవాలో తెలీక అబెలోనె ఆమె కళ్లలోకి చూసింది. ఆ కళ్లలో మంచు తెర తప్ప ఇంకేమీ దొరకలేదు. లేచి, నిచ్చెనెక్కింది.

అటక మీద చలి. జర్మన్లు చిందరవందర చేసిన పెట్టెలు ఆమె సర్దలేదు. ఒకదాంట్లో సోనిక్ చెక్క జోళ్లు దొరికాయి. వాటిలో కాళ్లు పెట్టింది. చిన్నపిల్ల పడవలో కూర్చున్నట్టుంది. దూలం దగ్గర నుంచి గోడ దాకా నాలుగడుగులు వేసింది.

కింద కుర్చీ కిర్రుమంది. తర్వాత గొంతు, "సన్నబడ్డాడే! ఏమే, సరిగ్గా తిండి పెడుతున్నావా లేదా?"

"తింటున్నాడు అత్తయ్యా."

"నా కొడుకు ఇలా నడవడు. వాడు ఎడమకాలు కొంచెం ఈడుస్తాడు."

నిజమే. అబెలోనె ఆ సంగతే మర్చిపోయింది. మర్చిపోయానన్న సంగతి కూడా ఆ క్షణందాకా తెలీదు. నాలుగేళ్లు మొహాన్ని, మాటల్ని, కోపాన్ని దాచుకుంది. కాలు ఈడవడం ఎక్కడో జారిపోయింది. ఆమె వెనక్కి తిరిగి, ఎడమకాలు ఈడుస్తూ నడిచింది. టక్, సర్‌ర్. టక్, సర్‌ర్. వంటింట్లో తను ఉంటే వసారాలో అతను వస్తున్న చప్పుడు. చేతులు పిండిలో ఉంచి వినే చప్పుడు. అబెలోనె దూలం పట్టుకుని నిలబడింది.

"ఆఁ," అంది కింద ముసలామె. "ఇప్పుడు వచ్చాడు."

తర్వాత ఆమె పైకప్పుతో మాట్లాడటం మొదలుపెట్టింది. కోడలితో ఎన్నడూ మాట్లాడనన్ని మాటలు. చెల్లెలి పిసినారితనం గురించి, పోయిన ఇద్దరు కొడుకుల గురించి, పళ్లు నొప్పెడితే లవంగం పెట్టుకోవడం గురించి. "నీ పెళ్లాం గడుసుదిరా. మొదట్లో నాకు నచ్చలేదు. ఎప్పుడు చూసినా నవ్వు మింగుతున్నట్టుండేది. ఇప్పుడు నచ్చింది. చెప్పకు." అబెలోనె అటక చెక్కల మీద చెవి పెట్టినంత దగ్గరగా ఒంగి వింది. అవసరమైన చోట కాలితో నెమ్మదిగా తట్టింది.

బయట బండివాడి కేక వినబడింది. కుర్చీ జరిగిన చప్పుడు. కర్ర నేలకు తగిలిన చప్పుడు.

"ఒరేయ్ సోనిక్. ఒక్కటే అడుగుతాను. ఇదంతా అయ్యాక కిందికి దిగి వస్తావు కదరా? వస్తానంటే ఒక్కసారి తట్టు. లేదంటే తట్టకు. నేనేం అనుకోను."

అబెలోనె కాలు ఎత్తింది. ఎత్తిన కాలు గాలిలో ఉండిపోయింది.

ఈ ప్రశ్న నాలుగేళ్లలో ఆమెను ఎవరూ అడగలేదు. ఆమె కూడా తనను తాను అడగలేదు. అడిగితే జవాబు చెప్పాల్సి వస్తుందని ఊళ్లో ఆడవాళ్లందరూ దాన్ని కుక్కల మీదికి నెట్టేసి ఊరుకున్నారు. కింద ముసలామె ఊపిరి వినబడుతోంది. గాలి, ఇసుక. ఆ జోడు బరువుకు ఆమె చీలమండ వణకడం మొదలుపెట్టింది.

కాలు దించింది. మెల్లగా కాదు, ఇల్లంతా వినబడేట్టు.

"సరే," అంది కింద గొంతు. తలుపు దగ్గరికి నడిచి, "సరే మరి. నువ్వు దిగకే అమ్మాయ్. నాకు తలుపు తియ్యడం చేతనవును. వాడి దగ్గరే ఉండు," అంది.

గడియ తీసిన చప్పుడు, తలుపు మూసిన చప్పుడు. అటక కిటికీలోంచి అబెలోనె చూస్తుండగా బండివాడు ఆమెను ఎత్తి కూర్చోబెట్టి, కాళ్ల మీద దుప్పటి కప్పాడు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. బండి దిబ్బల వెనక్కి తిరిగింది.

చక్రాల చప్పుడు వినబడకుండా పోయాక కూడా అబెలోనె కిందికి దిగలేదు. దూలం నుంచి గోడ దాకా, గోడ నుంచి దూలం దాకా, ఎడమకాలు ఈడుస్తూ నడిచింది. వినడానికి కింద ఎవరూ లేరు. అందుకని తనే విన్నది.